దుప్పి కేసు

యుద్ధం 1945లో ముగిసింది. యూరప్‌లో కోట్ల మంది పోయారు. ఎవరు చంపారు, ఎవరు చంపించారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు అన్న లెక్క ఇంకా పూర్తిగా తేలనే లేదు. సరిగ్గా అలాంటి సమయంలో, 1954లో, ఆ యుద్ధంలో హిట్లర్ వైపున్న ఆస్ట్రియా వాళ్లు ఒక ఘోరమైన నేరాన్ని వెండితెర మీద బయటపెట్టారు. కొండల్లో ఎవరో దుప్పిని కాల్చేశారు!

ఆల్ఫోన్స్ స్టుమ్మర్ తీసిన ఈ సినిమాకి స్వదేశంలో పేరు ‘కొండల ప్రతిధ్వని’. జర్మనీకి వెళ్లేసరికి ‘సిల్బర్‌వాల్డ్ ఫారెస్టర్’ అయింది. వియన్నాలో శిల్పాలు చెక్కే లీజిల్ తాతగారి ఊరికి వస్తుంది. అక్కడి ఫారెస్టర్ హూబర్ట్ మీద మనసు పడుతుంది. మనిషి పొడుగు, మాట పొట్టి. అంతలో వియన్నా నుంచి ఆమె స్నేహితుడు, ఇంకో ఆర్టిస్టు, దిగుతాడు. పట్నం నుంచి వచ్చాడు, పైగా ఆర్టిస్టు. హంతకుడు ఎవరన్న టెన్షన్ మనకి అక్కడితో సరి.

గుట్టు తెలిసినా హూబర్ట్ అమ్మాయి కోసం పెదవి విప్పడు. ఉద్యోగం పోతుంది. నోరు మెదపకపోవడం ఎంత గొప్ప గుణమో అప్పటి ప్రేక్షకులకి వేరే చెప్పాలా? చాలామందికి పదేళ్ల ప్రాక్టీసు ఉంది.

ఇక్కడో సంగతి. ఈ సినిమా వెనక ఉన్నది ఆస్ట్రియాలోని స్టైరియా రాష్ట్రపు వేటగాళ్ల సంఘం. కాబట్టి దుప్పిని చంపడం పాపమని మీరు పొరబడకండి. పెద్దమనుషులు పద్ధతిగా కొడితే అది అడవి సంరక్షణ. పట్నం వాడు కొడితే హత్య.

అప్పటికి ఆస్ట్రియా, యుద్ధం గెలిచిన నాలుగు దేశాల సైన్యాల చేతిలో ఉంది. స్టైరియా బ్రిటిష్ వాళ్ల వంతు. ఆ సేనలు కదిలింది 1955లోనే. అయితేనేం, బాంబులు పడ్డ ఊరికి రంగులెయ్యాలంటే బోలెడు ఖర్చు, కొండకి మంచు ఫ్రీ. కెమెరా తిన్నగా కొండెక్కేసింది. స్విట్జర్లాండ్ చలిలో హీరోయిన్‌కి పల్చటి చీర కట్టి, హీరోకి మాత్రం స్వెట్టర్ తొడిగిన మనకి నవ్వే అర్హత లేదనుకోండి. మనం పాటకి వెళ్లి వచ్చేశాం, వాళ్లు సినిమా మొత్తం అక్కడే కూర్చున్నారు. జర్మనీలో జనం విరగబడి చూశారు.

నాకొక్కటే సందేహం. చూడబోతే హూబర్ట్‌కి ముప్పై దాటాయి. పదేళ్ల కిందట ఈయన తుపాకీ ఏ అడవిలో ఉందో లీజిల్ అడిగినట్టు నాకు గుర్తులేదు. ఆ దుప్పి ఉండుంటే అడిగేదేమో.