‘ఔట్‌సైడ్ వ్యూ’ ఇటలీ: ఎనిమిది రోజుల్లో ఏడు ఊళ్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

గత నెల మా తోడల్లుడు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి, ‘‘అన్నయ్యా, ఓసారి చూసి చెప్పండి, సోమవారం అడ్వాన్స్ కట్టేస్తా’’ అన్నాడు. ఇటలీ, ఎనిమిది రోజులు, ఏడు ఊళ్లు. రోమ్, పీసా, ఫ్లోరెన్స్, వెనిస్, వెరోనా, కోమో, మిలాన్. రోజూ రాత్రికి ఇండియన్ డిన్నర్. అంతా బాగానే ఉంది గానీ, చదువుతూ పోతుంటే ఒక మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. కొలోసియం, ఔట్‌సైడ్ వ్యూ. ఫ్లోరెన్స్ పెద్ద చర్చి డుయోమో, ఔట్‌సైడ్ వ్యూ. మిలాన్‌లో లా స్కాలా ఒపేరా హౌస్, ఔట్‌సైడ్ వ్యూ. పీసా అయితే ‘ఫొటో స్టాప్’, నలభై అయిదు నిమిషాలు. నలుగురున్న కుటుంబం పది లక్షలకు పైగా పోసి, దాదాపు రెండు వేల ఏళ్ల నాటి కొలోసియం దాకా వెళ్లి, గేటు బయట సెల్ఫీ దిగి బస్సెక్కాలన్నమాట. పెళ్లికి వెళ్లి, పందిట్లోకి అడుగుపెట్టకుండానే తాంబూలం పుచ్చుకుని వచ్చేసినట్టు.

దీన్ని ఏజెన్సీ మోసం అనను. లోపలికి తీసుకెళ్లం అని వాళ్లు ముందే రాసిచ్చారు. చిక్కంతా ఇటలీ మారిపోవడంలో ఉంది. ఇప్పుడది అపాయింట్‌మెంట్ల దేశం. మన బస్సు యాత్రలు మాత్రం పాత లెక్కలోనే నడుస్తున్నాయి.

కొలోసియం సంగతే చూడండి. టికెట్ 18 యూరోలు, దాని మీద మనిషి పేరు, ప్రవేశించాల్సిన సమయం ఉంటాయి, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. నెల రోజుల ముందు అమ్మకం మొదలవుతుంది, మంచి సమయాలు చూస్తుండగానే అయిపోతాయి. టూర్ కంపెనీలు బాట్‌లనే ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లతో టికెట్లు ఊడ్చేసి, గైడ్ ఖర్చు కలిపి ఎక్కువ ధరకు అమ్ముతుంటే టికెట్ల సంస్థ సరిగ్గా అడ్డుకోలేదని తేల్చి, ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025 ఏప్రిల్‌లో టికెట్లు అమ్మిన సంస్థకూ, ఆరు టూర్ కంపెనీలకూ కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ప్రాచీన నగరం పాంపేలో 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందికే ప్రవేశం, అక్కడా టికెట్ మీద పేరు ఉండాల్సిందే. మిలాన్‌లో లియొనార్డో ‘లాస్ట్ సప్పర్’ గోడచిత్రం ముందు నిలబడనిచ్చేది పదిహేను నిమిషాలు, అదీ చిన్న చిన్న జట్లుగా. ఆ టికెట్లు మూడేసి నెలలకు ఒకసారి విడుదలవుతాయి, తిరుమల ప్రత్యేక దర్శనం కోటా కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

ఇప్పుడు నలభై అయిదు మంది ఉన్న బస్సును ఊహించుకోండి. చివరి వారం దాకా ఎవరో ఒకరు మానేస్తారు, ఇంకెవరో చేరతారు. హైవే మీద ఎక్కడో గంటసేపు ట్రాఫిక్ ఆగుతుంది. పదీ పావు స్లాట్‌కు ఆ బస్సు పదకొండింటికి చేరితే అన్ని టికెట్లూ పోయినట్టే. ఏ ఏజెన్సీ ఆ నష్టం మీద వేసుకుంటుంది? అందుకని బయటి నుంచే చూపిస్తారు. ఊళ్ల సంఖ్య పెరిగే కొద్దీ లోపలికి వెళ్లే అవకాశం తగ్గిపోవడానికి కారణం ఇదే. పీడీఎఫ్‌లో అది రెండు వేర్వేరు విషయాల్లా కనిపిస్తుంది.

వెనిస్ దగ్గర ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 2024 ఏప్రిల్ 25 నుంచి ఆ ఊరు రద్దీ రోజుల్లో ప్రవేశ రుసుము వసూలు చేస్తోంది. మొదటి ఏడాది 29 రోజులు, 2025లో 54 రోజులు, అన్నీ ఏప్రిల్, జులై మధ్యే. ముందుగా కడితే 5 యూరోలు, చివరి మూడు రోజుల్లో కడితే 10. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు లోపు వచ్చేవాళ్లకే ఇది. రాత్రికి అక్కడ బస చేసేవాళ్లు కట్టక్కర్లేదు, మినహాయింపు నమోదు చేసుకుంటే చాలు. గైడ్ వెంట తిరిగే గుంపు 25 మందికి మించకూడదని, లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2024లోనే నిబంధన తెచ్చారు. లాగూన్ (ఉప్పునీటి సరస్సు) మధ్యలో ఉన్న పాత నగరంలో ఇప్పుడు నివాసం ఉండేవాళ్లు యాభై వేలు కూడా లేరు. పొద్దున దిగి, శాన్ మార్కో చౌరస్తాలో పావురాల మధ్య ఫొటో దిగి, సాయంత్రానికి బస్సెక్కే మనిషి వల్ల వాళ్లకు మిగిలేది చెత్తబుట్టల ఖర్చే. మన ప్యాకేజీలు తయారుచేసేది సరిగ్గా ఆ మనిషినే. పీడీఎఫ్‌లో ‘వెనిస్ బస’ అని ఉన్నా అడిగి చూడండి, హోటల్ నీళ్ల అవతల నేల మీదున్న మెస్త్రేలోనో, పాదువాలోనో తేలుతుంది. మెస్త్రే వెనిస్ నగరపాలిక పరిధిలోదే కాబట్టి అక్కడ బస చేసేవాళ్లకు రుసుము ఉండదు. ఎటొచ్చీ వెనిస్ రాత్రి కూడా ఉండదు.

ఆ రాత్రి ఏమిటో నాకు తెలిసింది పొరపాటున. మేం వెళ్లినప్పుడు సాంతా లూచియా స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా గ్రాండ్ కెనాల్, పక్కనే స్కాల్జీ వంతెన. మా గది వంతెన అవతల. మ్యాప్‌లో ఆరు నిమిషాల నడక. మెట్లుంటాయని మ్యాప్ చెప్పలేదు. ఒక్కోటి ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు రెండు, అమ్మ మోకాళ్లు, పైన మే నెల ఎండ. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, పెట్టెను ఈడ్చి పైమెట్టు మీద పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఈడ్చి. అవతలికి దిగేసరికి అమ్మ మెట్టు మీద కూర్చుండిపోయి, ‘‘నేను ఇక ఎక్కడికీ రాను, మీరు తిరిగి రండి’’ అంది. దాంతో ఆ రోజు ప్లాన్ మొత్తం గాలికి పోయింది. సాయంత్రం దాకా గదిలోనే. ఎనిమిది దాటాక ఊరికే అలా బయటికి వస్తే, పొద్దున భుజాలు రాసుకున్న సందులో మా చెప్పుల చప్పుడు మాకే వినిపించింది. చిన్న చౌరస్తాలో ఇద్దరు పిల్లలు చర్చి గోడకు బంతి కొడుతున్నారు. పైన కిటికీలోంచి ఎవరో అన్నానికి పిలుస్తున్నారు. భాష రాకపోయినా అది అన్నానికి పిలుపేనని తెలిసిపోయింది. ఆ ట్రిప్పులో అమ్మ ఇప్పటికీ తలచుకునేది ఆ ఒక్క రాత్రినే.

అప్పటి నుంచి ఎవరు ఇటలీ ప్లాన్ అడిగినా ముందు నేనడిగేది ఒకటే: పెట్టె ఎన్నిసార్లు సర్దుతారు? ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. పొద్దున పదింటికి గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడింటి దాకా గది ఇవ్వరు. ఈ మధ్యలో రైలు, సామాను, లాకర్ వెతుకులాట. ఐదు హోటళ్లు మారితే నాలుగు సగాలు, అంటే రెండు పూర్తి రోజులు. యూరో వంద రూపాయలు దాటిన కాలంలో ఆ రెండు రోజుల ఖరీదు చిన్నదేం కాదు. వెనిస్‌లో మూడు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, రోమ్‌లో నాలుగు. పెట్టె సర్దేది రెండుసార్లే. వెనిస్ నుంచి ఫ్లోరెన్స్‌కు ఫాస్ట్ రైల్లో రెండు గంటల పైచిలుకు, అక్కడి నుంచి రోమ్‌కు గంటన్నర. దోహా, దుబాయ్ మీదుగా వెళ్లే విమానాలు వెనిస్‌లోనూ దిగుతాయి కాబట్టి వెళ్లేది వెనిస్‌కు, తిరుగు ప్రయాణం రోమ్ నుంచి పెట్టుకుంటే వెనక్కి మళ్లే పనే లేదు.

‘‘మరి మిలాన్, కోమో వదిలేయమంటారా? మళ్లీ వెళ్తామో లేదో’’ అన్నాడు మావాడు. ఏడు ఊళ్ల ప్యాకేజీని అమ్మేది నిజానికి ఈ ఒక్క భయమే. మన ఇళ్లలో విదేశీ ప్రయాణం అంటే కాశీయాత్ర లెక్క, ఒక్కసారికే అన్నీ అయిపోవాలి. ఒకప్పుడు ఆ భయానికి అర్థం ఉండేది. 2024 ఏప్రిల్‌లో భారతీయులకు షెంజెన్ వీసా (ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే ఒకే వీసా) నిబంధనలు కొంత సడలించారు. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువును బట్టి ఐదేళ్లది ఇచ్చే వీలు కల్పించారు. మొదటి వీసా కష్టం కష్టమే, 90 యూరోల ఫీజు, 30,000 యూరోలకు తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ. రెండోసారికి మనం కొత్తవాళ్లం కాము.

కాలం విషయంలో నా మాట కొందరికి నచ్చదు. వేసవి సెలవుల్లో ఇటలీ వద్దు. పిల్లలకు మే, జూన్ ఖాళీ, నిజమే. యూరప్‌కూ అమెరికాకూ జూన్ నుంచి సెలవులు మొదలవుతాయి. వెనిస్ రుసుము రోజులు అప్పుడే, జూన్ చివరికల్లా రోమ్‌లో మన విజయవాడ ఎండను గుర్తుచేసే రోజులు వస్తున్నాయి, వీసా స్లాట్ల కోసం పడే తిప్పలూ అప్పుడే. ఆగస్టులోనైతే 15న వచ్చే ఫెర్రగోస్తో పండగ చుట్టూ ఇటాలియన్లే ఊళ్లు వదిలి సముద్రానికి పోతారు, చాలా చిన్న హోటళ్లకు, దుకాణాలకు తాళాలే. దసరా సెలవులు దీనికి సరిగ్గా సరిపోతాయి. 2025లో తెలంగాణ బడులకు పదమూడు రోజులిచ్చారు. అక్టోబరులో ఎండ తగ్గి ఉంటుంది, ద్రాక్ష కోతలు చివరికొచ్చి కొత్త వైన్ తయారయ్యే రోజులు, మాకు వైన్ వద్దనుకుంటే అడవి పుట్టగొడుగులు, చెస్ట్‌నట్‌లు. వానలు పడతాయి, వెనిస్‌లో నీరు పొంగే కాలం మొదలవుతుంది. ఆ పోటును అడ్డుకునే మోసె గేట్లు 2020 అక్టోబరు నుంచి పనిచేస్తున్నాయి కాబట్టి మునుపటంత భయం లేదు. వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, దసరా ప్రయాణానికి జూన్, జులైలో పెట్టుకుంటే నిదానంగా పని అవుతుంది. దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్ల సంగతి నేను తీర్చలేను.

ఇక తిండి. ఇండియన్ డిన్నర్ అనే మాట దగ్గరే చాలామంది ప్యాకేజీకి సంతకం పెట్టేస్తారు, వాళ్లను తప్పుపట్టలేను. రోజుకు రెండు పూటలా పిజ్జా తింటే మూడో రోజుకి నాలుక పప్పుచారు అడుగుతుంది. కానీ మూడు నాలుగు రాత్రులు ఒకేచోట ఉంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ దొరుకుతుంది. 2025 నుంచి అలాంటి ప్రతి ఇంటి ప్రకటనలోనూ సీఐఎన్ అనే ప్రభుత్వ కోడ్ ఉండాలి, అది లేని ఇల్లు తీసుకోకండి. బియ్యం మోసుకెళ్లక్కర్లేదు. యూరోపియన్ యూనియన్‌లో వరి ఎక్కువ పండించేది ఇటలీయే. వసంతంలో మిలాన్ నుంచి టురిన్‌కు రైల్లో వెళ్తే నొవారా, వెర్చెల్లి దగ్గర మడులన్నీ నీళ్లు నిండి, కోనసీమలో దమ్ము చేసిన పొలాల్లా ఆకాశం కనిపిస్తూ ఉంటాయి. ఆవకాయకు అభ్యంతరం లేదు. నెయ్యి డబ్బా, నాటుకోడి పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. చిత్రం, చేపలకు ఆ నిషేధం లేదు.

శాకాహారులు ఒకటి గమనించాలి. పార్మిజానో జున్ను తయారీలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు, ఆ జున్ను నిర్వచనంలోనే అది ఉంది. పట్టింపు ఉన్నవాళ్లు పాస్తా మీద అది చల్లొద్దని చెప్పాలి. జెనోవా వైపు ఫరినాతా అని శనగపిండితో పెద్ద పళ్లెంలో కాల్చే అట్టు ఉంటుంది, ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీలో దాన్నే చెచినా అంటారు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. నేపుల్స్ దక్షిణాన పేస్తుమ్ దగ్గర పచ్చిక మీద నల్లటి గేదెలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అక్కడి మొజరెల్లా గేదె పాలదే. బార్‌లో కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే వేరే ధర. రెస్టారెంట్ బిల్లులో ‘కొపెర్తో’ అని ఉంటే చాలాచోట్ల అది మోసం కాదు, కూర్చున్నందుకు తలా ఇంత అని వేసే చార్జీ. రోమ్ వీధుల్లో నసోనే అనే ఇనుప కుళాయిలు దాదాపు 2,500 ఉన్నాయి, మంచి నీళ్లే వస్తాయి, బాటిళ్లు కొననక్కర్లేదు. కారు అద్దెకు తీసుకోవాలనుకునేవాళ్లకు ఒకే మాట: పాత ఊళ్ల నడిబొడ్డులోకి అనుమతి లేకుండా కారు పోనిస్తే కెమెరా పట్టేస్తుంది, ఆ జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

గ్రూప్ టూర్లు అక్కర్లేదని కాదు నా ఉద్దేశం. పిల్లలు దూరంగా ఉండి, అరవై అయిదు దాటాక మొదటిసారి విమానం ఎక్కే దంపతులకు, తెలుగులో మాట్లాడే గైడ్, వేళకు అన్నం, పెట్టె మోసే మనిషి ఉండటం చిన్న విషయం కాదు. వాళ్లు కట్టే డబ్బు ఆ నిబ్బరానికి. ఫోన్‌లో అన్నీ బుక్ చేయగలిగిన నలభై ఏళ్ల ఐటీ ఉద్యోగి కూడా అదే డబ్బు కట్టి అదే బస్సులో కూర్చోవడమే నాకు అర్థం కాదు.

మా తోడల్లుడు రెండు రోజులు ఆలోచించి అడ్వాన్స్ ఆపాడు. దసరాకు పది రాత్రులు, మూడు ఊళ్లు అని కొత్త కాగితం రాసుకున్నాం. అంతా కుదిరిందనుకునేసరికి మా అత్తగారు అడ్డం తిరిగారు. పీసా లేకపోతే తను రానన్నారు, సినిమా పాటల్లో చూసినప్పటి నుంచి ఆవిడకు అదే ఇటలీ. సరే, ఫ్లోరెన్స్ నుంచి రీజినల్ రైల్లో గంట ప్రయాణం, ఒక పూటలో వెళ్లి రావచ్చని చేర్చాం. గోపురం పైకి టికెట్ ముందే తీయాలి, రెండొందల యాభై పైచిలుకు మెట్లుంటాయి, మీకూ తీయమంటారా అని అడిగాడు అల్లుడు.

‘‘నాకెందుకు నాయనా, కింద నుంచి చూస్తే చాలు’’ అన్నారు ఆవిడ.