ఇరవై మూడేళ్ల వగరు

అమెరికా విస్కీ అయిన బోర్బన్ సీసా మీద, పీపాలో మాగిన ఏళ్లుగా 20కి మించిన అంకె కనబడితే కొనేవాడు కాసేపు ఆగి ఆలోచించాలి. 23, 25, 27 అని ఘనంగా అచ్చేసి వందలు, వేల డాలర్లు అడుగుతున్న సీసాల్లో ఎక్కువ భాగం ఆ ధరకు తగవు. చాలావాటిలో ధాన్యం రుచి ఎప్పుడో అణిగిపోయి చెక్క రుచే మిగిలి ఉంటుంది. ఈ మాట అంటున్న విస్కీ ప్రియులను ‘అందని ద్రాక్ష పుల్లన’ అంటూ కొట్టిపారేసేవారు ఉన్నారు. నేను ఆ అనుమానించేవారి పక్షమే. వారి అనుమానం ఇంకా గట్టిపడాలని కూడా కోరుకుంటున్నాను.

ఈ గొడవ మనకెందుకని అనుకోనక్కరలేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. సెలవులకు వచ్చే మనవాళ్ల సూట్‌కేసుల్లో అది అంతకు ముందు నుంచే వస్తోంది. అయితే స్కాచ్‌తో మనకు అలవాటైన లెక్కనే దీనికీ వేస్తున్నాం. పన్నెండు కన్నా పద్దెనిమిది మేలు, పద్దెనిమిది కన్నా పాతిక మేలు అనుకుంటున్నాం. పొరపాటు అక్కడే జరుగుతోంది.

అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌లో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి. లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలో దాన్ని మాగబెట్టాలి. నా వాదనంతా ఆ ‘కొత్త’ అన్న మాట మీదే నిలబడింది. బోర్బన్‌కు ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. వాటిని అమ్మేస్తారు, చాలా పీపాలు స్కాట్లాండ్ చేరతాయి. అక్కడ పాతికేళ్లు నిలవ ఉండే విస్కీ ఎక్కువగా ఇలా ఒకసారి సారం దిగిపోయిన పీపాలోనే ఉంటుంది. ఫిల్టర్ కాఫీ తాగేవారికి ఇది చప్పున అర్థమవుతుంది. తొలి డికాషన్ దిగాక అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే వచ్చేది రెండో డికాషన్. అది ఎంతసేపు దిగినా పలచగానే ఉంటుంది. బోర్బన్ తొలి డికాషన్. కొత్త చెక్కలోని వెనిల్లా, పంచదార పాకం వాసన, కొబ్బరి కమ్మదనం మొదటి కొన్నేళ్లలోనే ధారాళంగా దిగుతాయి. ఆ తర్వాత కూడా పీపా ఇస్తూనే ఉంటుంది, కానీ ఇచ్చేది వగరు. వక్క నమిలి ఊసేశాక నాలుక రెండు వైపులా పట్టేసినట్టు ఉంటుందే, ఆ వగరు.

దానికి, బోర్బన్ ఎక్కువగా తయారయ్యే అమెరికా రాష్ట్రం కెంటకీ వాతావరణం తోడవుతుంది. అక్కడి వేసవి ఉక్కపోత మనకు కొత్తగా అనిపించదు. చలికాలం మాత్రం గడ్డకట్టిస్తుంది. వేడికి విస్కీ చెక్కలోకి చొచ్చుకుపోతుంది, చలికి వెనక్కి వస్తుంది. రేకులు కప్పిన ఎత్తైన గోదాముల్లో పై అంతస్తు పొయ్యిలా కాగుతుంటే కింది అంతస్తు చల్లగా ఉంటుంది. ఒకే రోజు నింపిన రెండు పీపాలు ఒకటి పైన, ఒకటి కింద ఉంటే పదేళ్లకు రెండు వేరు వేరు విస్కీలవుతాయి.

ఈలోగా ఆవిరి తన పని తాను చేస్తుంది. గాలిలో కలిసిపోయే ఈ భాగాన్ని అక్కడివారు దేవదూతల వాటా అంటారు. కెంటకీలో అది ఏటా 3 నుంచి 5 శాతం వరకు ఉంటుంది. పీపాలో పట్టేది 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. ఏటా 4 శాతం చొప్పున లెక్కేస్తే 23 ఏళ్లకు మిగిలేది 78 లీటర్లే. 200 లీటర్లలోకి దిగాల్సిన వగరు అంత తక్కువలో చిక్కబడుతుంది. చారు మరిగి మరిగి గిన్నె అడుగుకు చేరాక దానిలో ఉప్పు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. మన బెంగళూరులో అమృత్ విస్కీ సంస్థ పీపాల నుంచి ఏటా పదో వంతుకు పైగా ఆవిరైపోతుంది. అందుకే 2013లో ఆ సంస్థ ‘గ్రీడీ ఏంజెల్స్’ పేరుతో ఎనిమిదేళ్ల మాల్ట్ విస్కీ తెచ్చినప్పుడు తెలిసినవారు ఆశ్చర్యపోయారు. బెంగళూరులో ఎనిమిదేళ్లంటే అంత పెద్ద వయసు.

ఇవన్నీ బయటివాళ్ల ఊహలు కావు. 1954లో కెంటకీలోని వైల్డ్ టర్కీ డిస్టిలరీలో పనికి చేరి ఆ వ్యాపారంలోనే పండిపోయిన జిమ్మీ రసెల్ ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య బోర్బన్ బాగుంటుందని, ఆపైన చెక్క పెత్తనం మొదలవుతుందని ఎప్పుడూ చెబుతూ వచ్చారు. ఆయన కొడుకు ఎడ్డీ 2015లో 17 ఏళ్ల ‘మాస్టర్స్ కీప్’ బోర్బన్ విడుదల చేశారు. ఆ పీపాలు కొంతకాలం చల్లని రాతి గోదాముల్లో ఉన్నాయి కాబట్టే అది నిలబడింది. తండ్రి మాటను కొడుకు కాదనలేదని, ఆ మాటకు దారి వెతుక్కున్నారని నేను అనుకుంటాను.

మరి ఇంత ముసలి బోర్బన్ ఎక్కడి నుంచి వచ్చింది? పూర్వం ఎవరూ దాన్ని కోరి తయారుచేయలేదు. 1950లో కొరియా యుద్ధం మొదలవగానే రెండో ప్రపంచ యుద్ధం నాటి కొరత మళ్లీ వస్తుందని షెన్లీ మద్యం సంస్థ అధిపతి లూయిస్ రోజెన్‌స్టీల్ విపరీతంగా విస్కీ కాచి నిల్వ చేశారు. యుద్ధం మూడేళ్లలో ఆగింది, సరుకు ఉండిపోయింది. నాటి చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు నిండగానే, అమ్మినా అమ్మకపోయినా, గ్యాలన్‌కు పదిన్నర డాలర్ల పన్ను కట్టాలి. ఆయన పట్టుబట్టి తిరిగారు. 1958లో ఆ గడువు ఎనిమిది నుంచి ఇరవై ఏళ్లకు పెరిగింది. ఆ తర్వాతే వయసును గొప్పగా చాటే బోర్బన్ ప్రకటనలు జోరందుకున్నాయి. లేబుల్ మీది పెద్ద అంకె పుట్టుక వెనుక ఉన్నది ఎవరి నాలుకో కాదు, ఒక వ్యాపారి పన్ను లెక్క.

తర్వాత 1970లు, 80లలో అమెరికన్లు వోడ్కా వైపు మళ్లారు. గోదాముల్లో పీపాలు పేరుకుపోయాయి. ఆ మిగులు సరుకే ముందు జపాన్‌కు వెళ్లింది. తర్వాత 1990లలో ‘అరుదైనది’ అన్న పేరుతో తిరిగి వచ్చింది. ఆ కాలపు సరుకులో అందరూ తలుచుకునేది ఎ.హెచ్. హిర్ష్ 16 ఏళ్ల బోర్బన్. 1974లో పెన్సిల్వేనియాలో కాచిన విస్కీ అది. దానికి పదహారేళ్లు నిండగానే చాలా భాగాన్ని పీపాల్లోంచి తీసి స్టీలు ట్యాంకుల్లో పోశారు. స్టీలులో విస్కీ మాగదు, ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఇక చాలు అని ఎవరో నిర్ణయించారు. ఇంకో ఏడెనిమిదేళ్లు వదిలేసి ఉంటే లేబుల్ మీద పెద్ద అంకె వచ్చేది. వాళ్లు వదలలేదు. నా దృష్టిలో బోర్బన్ చరిత్రలో అంతకన్నా తెలివైన నిర్ణయం అరుదు.

దానికి పూర్తిగా ఎదురుదిశలో సాగింది మద్యం సంస్థ డియాజియో 2014లో మొదలుపెట్టిన ‘ఆర్ఫన్ బ్యారెల్’ వరుస. అనాథ పీపాలు, గోదాముల్లో ఎవరూ పట్టించుకోని పీపాలు దొరికాయన్నది ప్రచారం. అందులో ‘ఓల్డ్ బ్లోహార్డ్’ వయసు 26 ఏళ్లు, ధర 150 డాలర్లు. తాగినవారిలో చాలామంది చెక్క నమిలినట్టు ఉందన్నారు. ఆ కథను విస్కీ ప్రియులు నమ్మకపోవడానికి గట్టి కారణమే ఉంది. కెంటకీలో మాగుతున్న ప్రతి పీపా మీద ఏటా ఆస్తి పన్ను పడుతుంది. 2023లో చేసిన చట్టంతో అది 2043 నాటికి క్రమంగా పోతుంది గానీ, ఆ పీపాలు ఉన్న కాలమంతా పన్ను పడుతూనే ఉంది. ఏటా పన్ను కట్టే ఆస్తిని ఎవరు మరిచిపోతారు? పీపాలు కనబడకుండా పోలేదు, వాటిని ఏం చేయాలో తోచక వదిలేశారు.

అవతలి పక్షం మాటా విందాం. ముసలి బోర్బన్ అంతా చెడ్డదనడం అన్యాయమే. 1992లో మూతపడిన స్టిట్జెల్-వెల్లర్ డిస్టిలరీ విస్కీతో వచ్చిన తొలినాళ్ల పాపీ వాన్ వింకిల్ బోర్బన్ ఇరవై ఏళ్ల సీసాలను తాగినవారు ఇప్పటికీ మరవలేదు. రై అనే ధాన్యం బదులు గోధుమ వాడిన ఆ విస్కీ మెత్తదనం వగరును మోయగలిగింది. 2018లో హెవెన్ హిల్ డిస్టిలరీ 27 ఏళ్ల బోర్బన్‌ను 399 డాలర్లకు తెస్తే మెచ్చినవారు చాలామంది ఉన్నారు. 1996 నవంబరులో ఆ డిస్టిలరీ తగలబడకముందు కాచిన విస్కీ అది. ఇవి నిజాలు, ఒప్పుకుంటాను.

అయితే ఆ మంచి సీసాలు ఎలా బతికాయో చూడండి. హెవెన్ హిల్ పీపాలు గోదాము కింది అంతస్తుల్లో చల్లగా ఉన్నవి. ఎడ్డీ రసెల్‌వి రాతి గోడల మధ్య ఉన్నవి. బఫలో ట్రేస్ డిస్టిలరీ ఇంకా ముందుకు పోయింది. గోదాము ‘పి’ అని ఒకటి కట్టి, లోపల ఏడాది పొడవునా సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతోంది. మన ఇంట్లో ఫ్రిజ్ చలి అంత. 2023లో ఆ గోదాములో కొంతకాలం మాగిన ‘ఈగిల్ రేర్ 25’ను పది వేల డాలర్లకు అమ్మింది. అంటే ముసలి బోర్బన్‌ను బాగుచేసే మార్గం దాన్ని ముసలిది కానివ్వకపోవడమే! చలిలో పెట్టి కాలాన్ని నెమ్మదింపజేశారు. అది మంచి ఇంజినీరింగ్, దాన్ని తప్పుపట్టను. కానీ ఫ్రిజ్‌లో గడిచిన ఏడాదికీ, రేకుల కింద జులై ఎండలో గడిచిన ఏడాదికీ లేబుల్ మీద ఒకే విలువ ఇస్తే ఆ అంకె ఇంక దేన్ని కొలుస్తున్నట్టు? అది క్యాలెండర్‌ను కొలుస్తోంది, విస్కీని కాదు. చట్టం ప్రకారం ఆ అంకె సీసాలోని అతి పిన్న విస్కీ వయసు. అంతవరకు అది నిజం. పది వేల డాలర్లు ఇచ్చేది మాత్రం ఆ నిజానికి కాదు, అది వాగ్దానం చేస్తున్నట్టు కనిపించే రుచికి.

సిన్సినాటిలో ఉండే మా బావమరిది ఇంట్లో ఇది కళ్లారా చూశాను. కెంటకీ అక్కడికి నది దాటితే చాలు. అతను ఒక 23 ఏళ్ల సీసాను చాలా ఖర్చుపెట్టి సంపాదించాడు. నేను వెళ్లిన రోజు రాత్రి అయిదుగురం కూర్చున్నాం. సీసాలు వంటింట్లోనే ఉంచి, ఒక్కొక్కరికి మూడు చిన్న గ్లాసులు పోసి, అడుగున ఒకటి, రెండు, మూడు అని చీటీలు అతికించాడు. రెండో గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే పాత బీరువా తలుపు తీసినట్టు వాసన. తాగితే ముందు కొంచెం తీపి, వెంటనే వగరు, ఆ వగరు చాలాసేపు వదల్లేదు. మూడోది పాకం పట్టిన వేరుశనగల్లా కమ్మగా, చివర మిరియం ఘాటుతో దిగింది. నలుగురు మూడోదానికే ఓటేశారు. తర్వాత చీటీలు తీశారు. మూడోది పదేళ్లది. రెండోది ఇరవై మూడేళ్లది.

ఆ తర్వాత జరిగినదే నన్ను ఎక్కువ బాధించింది. గదిలో మాటలు మారిపోయాయి. రెండో గ్లాసును పక్కకు తోసిన మిత్రుడే మళ్లీ దగ్గరకు లాక్కుని, “దీనిలో లోతు ఉంది, మొదట పట్టుకోలేకపోయాను” అన్నాడు. మా బావమరిది మొహం చిన్నబోయింది. “బావా, మళ్లీ పోయనా? ఇందాక కారంగా తిన్నాం కదా, నాలుక సరిగ్గా పనిచేసి ఉండదు” అన్నాడు. ఆ మిత్రుడి నాలుక సరిగ్గానే పనిచేసింది. అంకె చూశాక దాని మీద అతనికే నమ్మకం పోయింది.

ఇదే మనుషులు కూరగాయల బజారులో ఎలా ఉంటారో నాకు తెలుసు. బెండకాయ కొస విరిచి చూడకుండా పావుకిలో కూడా కొనరు. టప్పున విరిగితేనే సంచిలో పడుతుంది, వంగితే ముదురని పక్కన పెడతారు. మా అమ్మమ్మ పాత బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు పంటి కింద పెట్టి చూసేది. కొత్త బియ్యం మెత్తనవుతాయి కాబట్టి పాతవే కావాలి, కానీ మరీ పాతబడితే ముక్కిపోతాయి. ఆ రెండింటికీ నడుమ మంచి సమయం ఎక్కడుందో ఆమె పళ్లకు తెలుసు. బస్తా మీద ఏమి రాశారో చూసి కొనేది కాదు. ఆమెకు చదవడం కూడా రాదు.

అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మనం అంకె ముందు ఇంతగా ఎప్పుడు లొంగిపోయాం? నాకు తోచే సమాధానం మన ఇంటర్మీడియట్ కాలేజీల దగ్గర దొరుకుతుంది. ఫలితాల మర్నాడు పత్రికల మొదటి పేజీ నిండా ర్యాంకులే. పిల్లవాడు ఏమి ఇష్టపడతాడు, ఏ లెక్క దగ్గర వాడి కళ్లు వెలుగుతాయి అని ఎవరూ అడగరు. ఎంత వచ్చింది అన్నదొక్కటే ప్రశ్న. పదహారేళ్ల వయసులో తమ గురించి తాము అంకె ద్వారానే తెలుసుకోవడం నేర్చినవారు నలభై ఏళ్లకు గ్లాసులోని రుచిని కూడా అంకె ద్వారానే తెలుసుకుంటున్నారు. విస్కీ చిన్న విషయమే కావచ్చు. ఆ అలవాటు మాత్రం ఆసుపత్రి ఎంపికలోనూ, పెళ్లి సంబంధాల్లోనూ, ఇల్లు కొనడంలోనూ మనతోనే నడుస్తోంది. నాలుక మీద నమ్మకం పోగొట్టుకున్నవాణ్ణి మోసగించడం చాలా తేలిక.

అలా మోసపోయే అవకాశం ఇకముందు ఇంకా పెరుగుతుంది. 2025 నాటికి కెంటకీ గోదాముల్లో పీపాలు కోటీ అరవై లక్షలు దాటాయి. అమ్మకాలు నెమ్మదించాయి. జిమ్ బీమ్ సంస్థ క్లెర్మాంట్‌లోని తన ప్రధాన డిస్టిలరీలో 2026 అంతా కాచడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 1970ల కథే మళ్లీ మొదలైంది. ఇవాళ కొనేవారు లేక మిగిలిపోయే పీపాలు 2040లలో ‘అరుదైన 25 ఏళ్ల నిధి’గా మన పిల్లల ముందుకు వస్తాయి. ఈసారి పన్ను భారం కూడా క్రమంగా తగ్గిపోతుంది కాబట్టి వాటిని ఇంకా ఎక్కువ కాలం ఉంచేస్తారు.

అందుకే పెద్ద అంకె వేసి అమ్మేవారిని ఇప్పటి నుంచే అడగాల్సినవి ఉన్నాయి. పీపా ఏ గోదాములో, ఏ అంతస్తులో ఉంది? చల్లని చోటికి ఎప్పుడు మార్చారు? స్టీలు ట్యాంకులో ఎన్నేళ్లు ఉంది? నింపిన విస్కీలో ఎన్ని లీటర్లు మిగిలింది? ఇవన్నీ వారి దస్తరాల్లో ఉన్న వివరాలే, లేబుల్ మీద నాలుగు వరుసల్లో పడతాయి. వేల డాలర్లు పుచ్చుకునేవారు ఆ నాలుగు వరుసలు అచ్చువేయలేరా?

మా బావమరిది మొన్న ఫోను చేశాడు. పదేళ్ల సీసా ఆ రాత్రే ఖాళీ అయింది, తర్వాత అలాంటివే ఇంకో రెండు కొన్నాడట. ఇరవై మూడేళ్లది అద్దాల బీరువాలో ఇంకా సగానికి పైగానే ఉంది.