శ్రీ ‘అయ్యో పాపం’ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ అయ్యో పాపం గారికి, విజయనగరం నుంచి ఒక పిల్లవాడి తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగనక్కరలేదు. గంటస్తంభం దగ్గర కూరగాయల బేరంలోనూ, పెళ్ళిపందిట్లో రెండో బంతిలోనూ, రైలుపెట్టెలోనూ తమరు నిక్షేపంగా తిరుగుతూ ఉండటం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

మా అబ్బాయికి 9 ఏళ్ళు. వాడికి ఆటిజం (మాటలోనూ, నలుగురితో మెలగడంలోనూ, చుట్టూ ఉన్నవాటిని గ్రహించడంలోనూ పుట్టుకతో ఉండే తేడా) ఉన్నదని నాలుగో ఏట తెలిసింది. ఆ మాట మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది గాని, తమరికి అరక్షణం చాలు. వాడు వేళ్ళు ఆడించడం కంటపడిందో లేదో, పలకరించినవారి ముఖం కాక కిటికీ వైపు చూశాడో లేదో, తమరు ఎవరో ఒకరి నాలుక మీదికి వచ్చి కూర్చుంటారు. తమరు వచ్చాక ఆ మనిషి ఇక వాడిని చూడరు. నన్ను చూస్తారు, నా భార్యను ఇంకా ఎక్కువగా చూస్తారు, పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నారా అని అడిగి, మొక్కుకున్నామంటే ఇంకెవరికి మొక్కాలో చెబుతారు. (మొక్కులతో మాకు పేచీ లేదు. ఆ అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజున డప్పుల మోత వాడి చెవులు భరించలేవు కనుక, వారం ముందే వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తాము.)

తమరిది పాత వంశమే. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు ఇటువంటి 11 మంది పిల్లలను గురించి వ్రాస్తూ, వారి జ్ఞాపకశక్తినీ, అలవాటైనది మారితే ఒప్పుకోని పట్టుదలనూ శ్రద్ధగా నమోదు చేశాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలు, తల్లి ప్రేమ చాలకనే ఇలా అవుతుందన్న వాదం పెద్ద చదువుల వారి నోటనే నడిచింది. అది తప్పని తేలి చాలాకాలమైనా ఆ కబురు మా వీధిదాకా రాలేదు. ఆ పదకొండు మందిలో మొదటివాడైన డోనాల్డ్ ట్రిప్లెట్ సొంత ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడి, దేశాలు తిరిగి, 2023లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. మన దేశంలో 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి అందులో ఆటిజాన్ని చేర్చింది. మనిషిని చూడకుండానే జాలిపడే వైకల్యం మాత్రం ఎందుకో ఆ జాబితాకు ఎక్కలేదు.

ఆమధ్య పలాస వైపు వెళ్ళే ప్యాసింజరులో ఆమదాలవలస బయలుదేరాము. కిటికీ పక్కన కూర్చుని మావాడు నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, బాతువ, సిగడాం, పొందూరు, దూసి అని తనలో తాను చదువుకుంటున్నాడు. గరివిడి దాటాక నా వైపు తిరగకుండానే ‘దయచేసి వినండి’ అన్నాడు. ఎదుటి బల్ల మీది పెద్దమనిషి నవ్వి, వెంటనే తమరిని పిలిచాడు. ఆయనకు తెలియని సంగతి ఏమిటంటే, నాలుగేళ్ళ కిందట స్టేషనులో ఆ ప్రకటన వినిపిస్తూండగా వాడికి నీళ్ళసీసా కొనిచ్చాము; అప్పటి నుంచి వాడి భాషలో ఆ మాటకు ‘దాహం వేస్తున్నది’ అని అర్థం. విన్న మాటను తిరిగి పలకడమే ఇటువంటి పిల్లలలో చాలామందికి మాటలోకి వచ్చే దారి. దానిని ఎకోలేలియా అంటారు. ఇంత మర్యాదగా నీళ్ళడిగిన ప్రయాణికుడు ఆ పెట్టెలో మరొకడు లేడు.

చీపురుపల్లిలో ఎక్కిన ఒక ముసలాయన మా పక్కన కూర్చున్నాడు. భుజాన పొందూరు ఖద్దరు కండువా. చొక్కా మెడ దగ్గరి లేబులు గుచ్చుకుంటే రోజంతా ఏడ్చే మావాడు, ఆ కండువా కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా రుద్దసాగాడు. నేను చెయ్యి లాగబోయాను. ఎదుటి బల్ల మీద తమరు సిద్ధంగానే ఉన్నారు. ముసలాయన మాత్రం, ‘ఉండనీ బాబూ, గుంటడు బట్ట సూసుకుంటన్నాడు’ అని రెండో కొస కూడా అందించాడు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి తీసే నూలు గురించి మావాడికే చెప్పుకుపోయాడు. వాడి వేళ్ళు అంచు వెంట జరిగి జరిగి ఒకచోట ఆగాయి, వెనక్కి వచ్చాయి, మళ్ళీ అక్కడే ఆగాయి. ముసలాయన కళ్ళజోడు సవరించుకుని, వంగి చూసి, ‘అతుకు’ అన్నాడు. తెగిన దారాన్ని కలిపిన ముడి అది. నాకు కంటికి ఆనలేదు.

ఇది చదివి తమరి తమ్ముడు ‘ఆహా మేధావి’ గారిని మా ఇంటికి పంపవద్దని మనవి. ఆయన వస్తే, ఇటువంటి పిల్లలంతా లెక్కల్లో అద్భుతాలనుకుని, పంచాంగం తెరిచి ఏ తేదీ ఏ వారమో అడుగుతారు. మావాడికి లెక్కలు రావు, చెప్పులు ఏ కాలివి ఆ కాలికి పడవు, ఇడ్లీ చట్నీకి తగిలితే కంచం తోసేస్తాడు. వాడిని చూసి మురిసిపోవడానికి మాకు ఆ అతుకు చాలు, అది లేకపోయినా చాలు.

పొందూరులో దిగబోతూ ముసలాయన, ‘దూసి తరవాత ఏటిరా?’ అని అడిగాడు. మావాడు ఆయనను కాదు, వెళ్ళిపోతున్న కండువానే చూస్తూ ‘శ్రీకాకుళం రోడ్డు’ అన్నాడు. ఎదుటి పెద్దమనిషి వాచీ చూసుకున్నాడు.

వ్రాయవలసినది ఇంకా ఉన్నది గాని, వంటింటి గుమ్మంలో నిలబడి ‘దయచేసి వినండి’ అంటున్నాడు. అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు అయితేనే తాగుతాడు. అది ఎక్కడున్నదో వెతకాలి.

ఇట్లు,
తమరి జాలికి నోచుకున్న ఒక తండ్రి