బొమ్మ కదిలినంత మాత్రాన మిస్ట్ చచ్చిపోదు

మిస్ట్, దాని తరువాయి రివెన్ అనే పాత పజిల్ కంప్యూటర్ ఆటల రీమేక్‌ల (మళ్ళీ కొత్తగా కట్టిన రూపాల) గురించి ఒక మాట చాలాకాలంగా చేతులు మారుతూ తిరుగుతోంది. పాత ఆటలను ప్రాణంగా ప్రేమించినవాళ్ళే దాన్ని ఎక్కువగా పంచుకుంటున్నారు. నాకు బాధ కలిగించేదీ అదే. ఆ మాట సారాంశం ఇది: ఈ ఆటలు తయారుచేసిన సయాన్ కంపెనీ తన ఆటను తానే చంపుకుంది. నిశ్చల చిత్రాలే ఆ ఆటకు ప్రాణం, వాటిని తీసేసి నడిచి తిరిగే 3డీ లోకం పెట్టేసరికి ఆ ప్రాణం పోయింది. పజిళ్ళ జవాబులు మార్చడం పాతవాళ్ళకు చేసిన ద్రోహం. నటులను తీసేసి వాళ్ళ స్థానంలో బొమ్మలను నిలబెట్టారు. ఈ కాలం వాళ్ళ కోసం ఆటను తేలిక చేసేశారు. పైగా ఎవరూ అడగకపోయినా ఒకే సరుకును మళ్ళీ మళ్ళీ అమ్ముకుంటున్నారు.

నేను పాత మిస్ట్ పూర్తిచేశాను, 2021లో వచ్చిన రీమేక్ కూడా పూర్తిచేశాను. రివెన్ కూడా రెండు రూపాల్లోనూ ఆడాను. పై ఆరోపణల్లో ఒక దానితో సగం ఏకీభవిస్తాను, ఆ సంగతి దాని చోట చెబుతాను. మిగతావి నిలబడవు.

నిశ్చల చిత్రాల మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా కోపమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మిస్ట్ 1993 సెప్టెంబరులో మ్యాకింటోష్ కంప్యూటర్ల మీద వచ్చింది. సయాన్‌ను పెట్టిన రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు దాన్ని హైపర్‌కార్డ్‌లో కట్టారు. హైపర్‌కార్డ్ అంటే కార్డుల దొంతర లాంటిది. ఒక కార్డు మీద క్లిక్ చేస్తే ఇంకో కార్డు వస్తుంది, అంతే. దాదాపు 2,500 చిత్రాలు గీశారు. ఒక్కో చిత్రాన్ని పూర్తిగా తయారుచేయడానికి ఆనాటి కంప్యూటర్‌కు గంటలు పట్టేది. తెర మీద 256 రంగులే. సీడీ డ్రైవు సెకనుకు 150 కిలోబైట్ల చొప్పున చదివేది. అలాంటి యంత్రం మీద అంత వివరం ఉన్న దీవిలో మనల్ని ఇష్టం వచ్చినట్టు నడవనివ్వడం ఎవరి తరమూ కాదు. అందుకే చిత్రాలు కదల్లేదు. ఆ ఇరుకులోనే ఆ అన్నదమ్ములు అద్భుతం చేశారు, ఈ మాట వందసార్లయినా అంటాను. అయితే ఆ ఇరుకే వాళ్ళు కోరుకున్నదని అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. యంత్రాలు కాస్త ఎదగగానే, 2000లోనే, రియల్‌మిస్ట్ పేరుతో స్వేచ్ఛగా తిరిగే మిస్ట్ బయటికొచ్చింది. అంటే ఈ "ద్రోహానికి" పాతికేళ్ళు నిండాయి, అది మొదలైంది కూడా సొంత ఇంట్లోనే.

ఇక ఆటలోకి వెళ్దాం. (ఇంకా ఆడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. జవాబులు చెప్పను గానీ, పజిల్ ఎలా నడుస్తుందో చెప్పక తప్పదు.) మిస్ట్ దీవి నుంచి పుస్తకాల ద్వారా వేరే లోకాల్లోకి వెళ్తాం. వాటిలో ఛానెల్‌వుడ్ అనే లోకంలో నీళ్ళ మీద చెక్కబాటలు ఉంటాయి, వాటి పక్కనే గొట్టాలు సాగుతాయి. గాలిమర నీటిని ఆ గొట్టాల్లోకి తోస్తుంది. గొట్టం చీలిన ప్రతి చోటా ఒక మీట ఉంటుంది. ఏ మీట ఎటు తిప్పితే నీరు ఎక్కడికి చేరి ఏ యంత్రాన్ని కదుపుతుందో తేల్చుకోవాలి. పజిల్ మొత్తం ఇంతే: గొట్టం వెంట కళ్ళు పరుగెత్తాలి, చెవి నీటి చప్పుడును పట్టుకోవాలి. పాత ఆటలో కళ్ళు పరుగెత్తలేకపోయేవి. ఒక చిత్రం, క్లిక్, మరో చిత్రం, క్లిక్. ఒక్కోసారి పక్కకు క్లిక్ చేస్తే కొంచెం తిరిగేవాళ్ళం, ఒక్కోసారి పూర్తిగా వెనక్కి తిరిగిపోయేవాళ్ళం. ఎటు చూస్తున్నామో తెలియక నేను అదే మీటను మూడుసార్లు కొత్త మీట అనుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. రీమేక్‌లో బాట మధ్యలో నిలబడి తల తిప్పితే చాలు, గొట్టం ఎక్కడ పుట్టి ఎక్కడ చీలిందో కనిపిస్తుంది. దీని వల్ల పజిల్ తేలికైందని కొందరు అంటున్నారు. పజిల్‌లో ఆలోచించాల్సిన భాగం అణువంత కూడా తగ్గలేదు. తగ్గింది దారి తప్పడం. దారి తప్పడం పజిల్‌లో భాగమని ఆ ఆటలో ఎక్కడా లేదు.

స్టోన్‌షిప్ లోకంలో చేత్తో తిప్పే యంత్రంతో కరెంటు నిల్వ చేస్తాం. అది అయిపోతే సొరంగంలో దీపాలు ఆరిపోతాయి. పాత ఆటలో అది చీకటి బొమ్మ. రీమేక్‌లో మెట్లు సగం దిగాక చుట్టూ వెలుగు పోయింది. నేను నిజంగా గోడ కోసం చెయ్యి చాచాను.

పాతవాళ్ళ మాటలో ఒక నిజం ఉంది. దాన్ని దాటవేయడం మర్యాద కాదు. నిశ్చల చిత్రానికి చట్రం ఉంటుంది. గీసినవాడు ఏది చూడమన్నాడో ఆ చట్రమే చెబుతుంది. ఎక్కడ పడితే అక్కడ నిలబడే వీలున్నప్పుడు ఆ చూపు చెదిరిపోతుంది. నాకూ కొన్ని చిత్రాలు గుర్తొస్తాయి, ముఖ్యంగా దీవి మీది గ్రంథాలయం గుమ్మం దగ్గరివి. రీమేక్‌లో అదే చోట నిలబడితేగానీ ఆ అందం దొరకదు. కొందరికి స్వేచ్ఛగా తిరిగే ఆటలు ఆడితే తల తిరుగుతుంది, అది కూడా చిన్న విషయం కాదు. 2014లో వచ్చిన రియల్‌మిస్ట్ మాస్టర్‌పీస్ ఎడిషన్‌లో పాతకాలపు క్లిక్ పద్ధతిని కూడా ఉంచడానికి ఇలాంటి కారణాలు ఉన్నాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. వీటివల్ల ఆట చచ్చిపోయిందని మాత్రం ఒప్పుకోను.

రెండో ఆరోపణ, జవాబులు మార్చడం ద్రోహం అన్నది. దీన్ని వింటే నాకు ఆశ్చర్యం వేస్తుంది. రీమేక్ మొదలుపెట్టేటప్పుడు పజిళ్ళ కోడ్‌లు మారేలా ఆడాలా, పాతవాటితోనే ఆడాలా అన్నది మన చేతిలో ఉంటుంది. మార్చుకోమని ఎవరూ బలవంతం చేయలేదు. నేను మార్చుకున్నాను. దీవి మీదికి దిగగానే ఏళ్ళ తరబడి కంఠస్థమైన అంకెలు పెట్టి మీట నొక్కాను. ఏదీ కదల్లేదు. అక్కడే కాసేపు నిలబడిపోయాను. తర్వాత గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకాలు ఒక్కొక్కటిగా తెరిచి చదవడం మొదలుపెట్టాను, మొదటిసారి ఆడినప్పుడు చదివినట్టే. పాత ఆటలో చివరి రహస్యం తెలిసినవాడు నేరుగా గ్రంథాలయంలోని పొయ్యి దగ్గరికెళ్ళి కొన్ని నిమిషాల్లో ఆట ముగించేయగలడు. అంటే ఒకసారి పూర్తిచేశాక ఆ దీవి మనకు తలుపు మూసేసినట్టే. కోడ్‌లు మారేసరికి ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది. మారింది అంకె. ఆ అంకెను ఎక్కడ వెతకాలి, దేనితో కలిపి చదవాలి అన్న వరస అలాగే ఉంది. ఒక లోకంలో విన్న చప్పుళ్ళు ఇంకో లోకంలో దిక్కులుగా పనికొస్తాయన్న ఆ గొప్ప మెలిక చెక్కుచెదరలేదు.

పైగా కోడ్‌లు మార్చడం కొత్త ఆలోచన కూడా కాదు. 1997లో, అయిదు సీడీల మీద వచ్చిన అసలు రివెన్‌లోనే గోపురాలు తెరిచే కోడ్ ఒక్కో ఆటకు ఒక్కోలా ఉండేది. చెర తలుపు కోడ్ కూడా అంతే. ఇప్పుడు ద్రోహం అంటున్న పనిని మనం అప్పట్లో మెచ్చుకున్నాం.

2024 జూన్ 25న వచ్చిన రివెన్ రీమేక్ ఇంకా ముందుకెళ్ళింది. కొన్ని పజిళ్ళను ఏకంగా కొత్తగా కట్టారు. ఇక్కడ కోపం ఎక్కువగానే ఉంది, నాకు అర్థమవుతుంది కూడా. అయితే ఎందుకు మార్చారో ఆలోచించాలి. పాత రివెన్‌లో జంతువుల పజిల్‌ను గుర్తుచేసుకోండి. కొన్ని జంతువుల ఆకారాలు ఒకే ఒక్క చోట నిలబడి చూస్తేనే పోల్చుకోగలిగేవి. చిత్రం నిశ్చలం కాబట్టి కెమెరా పెట్టినవాడు మనల్ని ఆ చోటే నిలబెట్టాడు. మనిషి ఎక్కడైనా నిలబడగల లోకంలో ఆ పజిల్‌ను ఉన్నదున్నట్టు పెట్టడమంటే దాన్ని పాడుచేయడమే. మళ్ళీ కట్టినవాళ్ళు ఎవరో పరాయివాళ్ళు కారు. రాబిన్ మిల్లర్‌తో కలిసి అసలు రివెన్‌కు దర్శకత్వం వహించిన రిచర్డ్ వాండర్ వెండే ఈ రీమేక్‌లోనూ చెయ్యి వేశాడు. కొత్త పజిళ్ళన్నీ పాతవాటికి సాటి అని నేను అనను. కొన్నిచోట్ల పాతదే నాకు ఇష్టం. బడిలో పిల్లల బొమ్మతో ఆడుతూ అంకెలు నేర్చుకునే ఘట్టం ఉంది చూడండి. మనిషి బొమ్మ ఒక్కో మెట్టూ కిందికి దిగి నీటి మృగం నోట్లో పడుతుంది. లెక్కతోపాటు ఆ ఊరి పిల్లలకు నేర్పుతున్న భయం కూడా మనకు తెలుస్తుంది. పజిల్ అంటే అలా ఉండాలి. రీమేక్‌లో కొత్తగా కట్టిన పజిళ్ళను ఆ కొలతతో కొలవండి, వాదించండి, నేను కూర్చుని వింటాను. "మార్చారు కాబట్టి తప్పు" అన్నది మాత్రం కొలత కాదు.

నటుల సంగతి. నేను సగం ఏకీభవిస్తానన్నది ఇక్కడే. మిస్ట్ రీమేక్‌లో, పుస్తకాల్లో బందీలై పేజీలు తెచ్చిపెట్టమని మనల్ని అడిగే సిరస్, అకినార్ అన్నదమ్ముల 3డీ ముఖాలు బాగాలేవు. కళ్ళల్లో జీవం లేదు, పెదవులు బిగుసుకుపోయాయి. పాత వీడియోల్లో ఆ అన్నదమ్ములుగా కనిపించింది మిల్లర్ సోదరులే: అకినార్‌గా రాండ్, సిరస్‌గా రాబిన్. వాళ్ళు చెయ్యి తిరిగిన నటులేం కారు. అయినా పేజీ చేర్చిన ప్రతిసారీ ఆ మసక వీడియో కొంచెం తేటపడుతుంటే, ఎవరిని నమ్మాలో తెలియని ఆందోళన పెరుగుతూ పోయేది. ఆ మసకే ఆ కథకు ఊపిరి. నున్నటి 3డీ ముఖం ఆ పని చేయలేదు. అయితే రీమేక్ సెట్టింగ్స్‌లో పాత వీడియోలనే పెట్టుకునే వీలుంది, ఆరోపణలో ఈ విషయం లేదు. నేను వాటితోనే ఆడాను. మీకూ అదే చెబుతాను.

రివెన్‌లో పరిస్థితి వేరు. అందులోని ప్రతినాయకుడు గెన్‌గా నటించిన జాన్ కెస్టన్ రంగస్థలం నుంచి వచ్చిన నటుడు. రీమేక్‌లో ఆకారం 3డీ అయినా వినిపించేది 1997 నాటి ఆయన గొంతే. ఆ పలుకు నిదానం, ఆ మాటల వెనక దాగిన అహంకారం అలాగే ఉన్నాయి. ముఖం ఆ గొంతును పూర్తిగా అందుకోలేదు. కానీ నటుణ్ణి తీసేశారనడం నిజం కాదు.

తేలిక చేశారన్న మాటకు జవాబు చిన్నదే. మిస్ట్ పెట్టెలో అప్పట్లో ఒక ఖాళీ నోటుపుస్తకం వచ్చేది, చూసింది రాసుకోమని. రీమేక్ ఆడేటప్పుడు కూడా నాకు నోటుపుస్తకం లేకుండా కుదరలేదు. ఎక్కడికెళ్ళాలో చూపే బాణం గుర్తు లేదు. మనం కనుక్కున్నది మన తరఫున రాసిపెట్టే జాబితా లేదు. దీవి మీద దింపి వదిలేస్తుంది, అప్పట్లాగే.

చివరిది, డబ్బు. ఎవరూ అడగకపోయినా అమ్ముకుంటున్నారట. మిస్ట్ 60 లక్షలకు పైగా అమ్ముడైంది. 2002లో ద సిమ్స్ దాటేదాకా కంప్యూటర్ ఆటల్లో అమ్మకాల్లో మొదటి స్థానం దానిదే. అంతటి కంపెనీ 2005లో దాదాపు మూతపడింది, ఉద్యోగుల్లో చాలామందిని పంపించేసి కొన్ని వారాలకు మళ్ళీ లేచి నిలబడింది. తర్వాత వచ్చిన ఆబ్డక్షన్ పూర్తిగా కొత్త ఆట. దానికి 2013లో ఆటగాళ్ళ దగ్గరే చందాలు పోగుచేసి 2016లో విడుదల చేశారు. 2023లో ఫర్మమెంట్ వచ్చింది, అదీ కొత్తదే. పాత సరుకు మీదే బతుకుతున్నవాళ్ళు ఇలా చేయరు. పాత మిస్ట్, పాత రివెన్ దుకాణంలోంచి మాయం కూడా కాలేదు. నిశ్చల చిత్రాలతో, క్లిక్కులతో, అలాగే ఇప్పటికీ కొనుక్కోవచ్చు. రీమేక్ నచ్చనివాళ్ళ చేతుల్లోంచి ఎవరూ ఏదీ లాక్కోలేదు.

ఎవరూ అడగలేదన్న మాట ఇంకా పెద్ద తప్పు. రివెన్‌ను స్వేచ్ఛగా నడిచే 3డీ లోకంగా మార్చాలని స్టారీ ఎక్స్‌పాన్స్ అనే అభిమానుల బృందం ఏళ్ళ తరబడి జీతం భత్యం లేకుండా పనిచేసింది. పాత చిత్రాలను పక్కన పెట్టుకుని రాయి రాయీ మళ్ళీ మలిచారు. రివెన్ వచ్చి 25 ఏళ్ళు నిండిన 2022 అక్టోబరులో గానీ సయాన్ తన రీమేక్ సంగతి ప్రకటించలేదు. ఆ దీవుల్లో నడవాలని ఎంతో ముందే కోరుకుని, చెమటోడ్చినవాళ్ళు పాత రివెన్‌ను ప్రేమించినవాళ్ళే.