మందు అదే, మాత్ర మాత్రం వేరే

మా పెద్దమ్మ ఏళ్ళుగా కర్నూలు పెద్దాసుపత్రి దగ్గరి మెడికల్ షాపులోనే బీపీ మాత్రలు కొంటోంది. ఒక నెల పాత కంపెనీ స్టాకు లేదని వేరే స్ట్రిప్పు ఇచ్చారు. "మందు అదే పెద్దమ్మా, కంపెనీ వేరే, అంతే" అన్నాడు షాపాయన. నాలుగో రోజుకు చేతుల మీద, మెడ మీద దద్దుర్లు. వంకాయ మానేసింది, సబ్బు మార్చింది, తగ్గలేదు. చివరికి డాక్టరు రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి చూశారు. మందు పేరు, మిల్లీగ్రాములు ఒకటే. పాతది తెల్ల మాత్ర, కొత్తది పసుపు. వెనక చిన్న అక్షరాల్లో రంగు పేరు టార్ట్రజిన్ అని ఉంది. మళ్ళీ తెల్లదానికి మారాక వారంలో దద్దుర్లు పోయాయి. ఒక్క మనిషికి జరిగింది రుజువు కాదు, నిజమే. కానీ టార్ట్రజిన్ కొద్దిమందికి దద్దుర్లు, ఆయాసం తెప్పించగలదన్న సంగతి వైద్యులకు కొత్తేమీ కాదు.

5 మిల్లీగ్రాముల మందంటే చిటికెడు కూడా ఉండదు. అది మాత్రగా నిలబడాలంటే లాక్టోజ్ (పాలల్లో ఉండే చక్కెర), పిండి, పైపూత, రంగు లాంటివి కలపాల్సిందే. వీటినే ఎక్సిపియెంట్స్ అంటారు. 2019లో అమెరికా పరిశోధకులు లెక్కగడితే, మాత్ర బరువులో సగటున నాలుగింట మూడు వంతులు ఇవే అని తేలింది. వాళ్ళు చూసిన మాత్రల్లో నూటికి 45 దాకా లాక్టోజ్ ఉన్నవే.

దీనికి అందరూ భయపడక్కర్లేదు. గ్లాసు పాలల్లో 10 గ్రాముల దాకా లాక్టోజ్ ఉంటే, మాత్రలో ఉండేది గ్రాములో కొంత భాగమే. పాలు పడనివాళ్ళలో చాలామంది ఆ మాత్రం తట్టుకుంటారు. రోజుకు ఎనిమిదీ పదీ మింగే పెద్దవాళ్ళ సంగతే ఆలోచించాలి.

కలిపినవి ఊరికే పడి ఉంటాయనుకోవడమూ తప్పే. 1960ల చివర్లో ఆస్ట్రేలియాలో ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ క్యాప్సూళ్ళలో కాల్షియం సల్ఫేట్ తీసేసి లాక్టోజ్ వేశారు. మందు మోతాదు మార్చలేదు. అయినా అది రక్తంలోకి ఎక్కువగా చేరి, వాడేవాళ్ళలో విష లక్షణాలు కనిపించాయి.

మన స్ట్రిప్పుల మీద ఏముంటుంది? ఎక్కువగా "ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్." అన్న ముక్క. అంటే, కావలసినంత. ఏవేం కలిపారో ఉండదు. రంగు పేరు ఒక్కటి వేస్తారు. అనంతపురంలో చెనక్కాయల చిక్కీ ప్యాకెట్ మీద కూడా అందులో ఏమున్నాయో రాయాలి. కొన్ని మెత్తటి క్యాప్సూళ్ళలో అదే చెనక్కాయల నూనె వాడతారు. చెనక్కాయలు పడనివాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అడిగిన ఆ నిబంధన అప్పట్లో ఎక్సిపియెంట్లను అడగలేదు. అక్కడ ఒక వరుస చేర్చడం కష్టమా? కంపెనీల దగ్గర ఆ జాబితా ఎలాగూ ఉంటుంది.

నా గోడు జెనరిక్ మందుల మీద కాదు. మా ఇంట్లోనూ అవే వాడతాం. అనుమానం వచ్చిందని బీపీ మాత్ర, ఫిట్స్ మాత్ర సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరుకు రెండు స్ట్రిప్పులూ చూపించాలి. మందు పడక ఇబ్బంది వస్తే, కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) హెల్ప్‌లైన్ 1800-180-3024కి ఎవరైనా ఫోన్ చేసి చెప్పొచ్చు. మన షాపుల్లో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తుంటారు. ఆ ముక్క మీద రంగు పేరుగానీ బ్యాచ్ నంబరుగానీ ఉండకపోవచ్చు. అవి ఉన్న వైపు నుంచి ఇమ్మని అడగండి, లేదంటే అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.