తలుపు మింగిన తెడ్డు

వానలు పడ్డప్పటి నుంచీ మా సామాన్ల గది తలుపు బిగుసుకుపోతోందని మేస్త్రిని పిలిచాను. ఆరు "రేపొస్తాను బాబూ"ల తర్వాత వచ్చాడు. చెక్క చెమ్మ తాగితే అడ్డంగా ఉబ్బుతుంది గాని పొడుగ్గా పెరగదు. ఈ ముక్క రోజంతా లెడ్జర్లు రాసుకునే నాకే తెలుసు. ఆయన మాత్రం తలుపు ఊడదీసి, కింద మూడంగుళాలు కోసి, ఎనిమిది వందలు పుచ్చుకుని, "పక్కలు రేపు చిత్రిక పడతాను" అని వెళ్లిపోయాడు. ఇప్పుడా గదిలోకి ఎలకలు తల వంచకుండా వస్తున్నాయి.

కోసిన ముక్క పారేయబుద్ధి కాలేదు. పాత పనస చెక్క, రంపం తగిలిన చోట పసుపుకొమ్ము విరిచినట్టుంది. బొబ్బిలి వాళ్లు పనస దుంగని తొలిచి ఏకాండీ వీణ చేస్తుంటే, విజయనగరంలో ఉండి అంబలి తెడ్డు చెయ్యలేనా? పైగా అత్తగారు వచ్చి ఉన్నారు. చోడంబలి స్టీలు గరిటెతో కలిపితే ఆవిడకి మింగుడు పడదు.

గీత గీశాను, ఉలి పట్టాను. ఎడమ బొటనవేలి సంగతి వదిలేయండి.

తెడ్డు ఆకారం వచ్చాక కాడ నున్నగా చెయ్యాలి. ముక్క కదలకుండా పట్టుకోవడానికి వైసు లేదు. ఉన్నదల్లా ఆ తలుపు. గదిలో నిలబడి, తెడ్డు తల హాల్లోకి, కాడ నావైపు ఉండేలా తలుపుసందులో పెట్టి వీపుతో ఒక్క తోపు తోశాను. బ్రహ్మాండంగా బిగిసింది. పావుగంట ఉప్పుకాగితం రుద్దాను. తర్వాత తలుపు లాగితే రాలేదు. తెడ్డూ రాలేదు. రెండంగుళాల సందులోంచి నా కన్ను ఒక్కటే హాల్లోకి వెళ్లగలిగింది.

ముందుగా చూసింది అత్తగారు.

"ఓలమ్మా, తలుపుకి నాలిక మొలిచిందేటి!"

"తెడ్డండీ. మీ అంబలికే."

ఆవిడ దాన్ని అటూ ఇటూ ఊపి, "ఇంత వంకరేటి బాబూ" అన్నారు. ఎదురింటి మావయ్యగారు వచ్చి బేట్ అనుకున్నారు. కరెంటు బిల్లు కుర్రాడు ఎందుకొచ్చాడో గాని, వచ్చినవాడు ఊరుకోకుండా ఫొటో తీశాడు. మా ఆవిడ నవ్వాపుకుని మేస్త్రికి ఫోన్ చేసింది. రింగవుతోంది, ఎత్తడు. ఈలోగా నాకు ఆకలి. మేస్త్రి చేసిన సందు అప్పుడు పనికొచ్చిందని ఒప్పుకోవాలి, పళ్లెంలో రెండు అట్లు దాని కిందనుంచే లోపలికొచ్చాయి. చట్నీ గిన్నె మాత్రం అర అంగుళంలో ఆగిపోయింది. మూడున్నర కోసి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? వట్టి అట్లు నములుతుంటే బయట అత్తగారు, "అల్లుడు చట్నీ లేకుండా తింటన్నాడే" అని గొంతు తగ్గించి, వీధంతా వినబడేలా బాధపడ్డారు.

ఎలా బయటపడ్డానో చెప్పను. ఎదురింటి మావయ్యగారి కాలు ఇంకా వాచి ఉంది.

ఇవాళ పొద్దున్న మేస్త్రి వచ్చాడు. తలుపు వంక చూడలేదు. వంటింట్లో అంబలి కుండలో ఉన్న తెడ్డు తీసి, దులిపి, కొలిచాడు.

"ఈ ముక్క పాడుచేసీనారేటి బాబూ? కింద సందెక్కువైపోనాదని దీన్నే అతికీద్దామని వచ్చినాను."