ఓటీపీ చెప్పు నానా

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో నాది చిన్న నెట్ సెంటర్. గవర్నమెంటు ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే నాకు గిరాకీ. అందుకని ఈ మాట నేను అనకూడదు గానీ, అంటాను.

మొన్న ఒకడు అప్లికేషన్ పెట్టించుకోడానికి వచ్చాడు. పుట్టిన తేదీ కొడితే 34 నిండాయి. ఓటీపీ వాళ్ల నాన్న ఫోనుకెళ్లింది. స్పీకర్ ఆన్ చేసి "ఓటీపీ చెప్పు నానా" అన్నాడు. అవతల మిల్లర్ రొద. చెన్నైలో ఏదో సైటు. "ఆగు బావూ, చేతులకి సిమెంటుంది" అని, ఒక్కో అంకే కూడబలుక్కుని చెప్పాడా పెద్దాయన. ఫీజు కూడా ఆయన ఫోన్‌పే నుంచే వచ్చింది. కుర్రాడు నా మొహం చూళ్లేదు. నేనూ కీబోర్డే చూసుకున్నాను.

"ఈ కాలం కుర్రగుంటలకి బాధ్యత లేదు" అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. లెక్క చూడండి. 2018లో డీఎస్సీ, అంటే టీచర్ పోస్టుల పరీక్ష, పడింది. 2024లో 6,100 పోస్టులకి ఇంకోటి వేసి, రద్దు చేశారు. 16,347 పోస్టులకి మళ్లీ డీఎస్సీ పెట్టేసరికి 2025 వచ్చీసింది. 25 ఏళ్లకి బీఈడీ ముగించినోడికి ఎదురుచూపుల్లోనే 32 వచ్చాయి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ 2022 నవంబర్లో ఇస్తే చివరి రాతపరీక్ష 2025 జూన్‌లో. పైగా డీఎస్సీ వయోపరిమితి 44కి పెంచితే చప్పట్లు కొట్టాం. అప్పటిదాకా గుంటడిలాగే ఉండమన్నట్టు వినిపించింది నాకు. ఏటా ఫలానా నెలలో పరీక్ష అని చెప్పి, ఆ నెలలోనే పెట్టండి. నీకు రాదురా అన్న సంగతైనా వాడికి 30 లోపు తెలుస్తుంది. ఇంకో దారి చూసుకుంటాడు.

ఇంటి గోల ఇంకోటి. పైడిభీమవరం ఫార్మా కంపెనీలో షిఫ్టుకెళ్తే అది ఉద్యోగమే కాదట. పిల్లనిచ్చేవాళ్లు "గవర్నమెంటా?" అని తప్ప ఇంకేం అడగరు. పెళ్లి కానోణ్ణి ఊళ్లో విందులకి వడ్డించడానికి పిలుస్తారు, నలుగురు కూచుని మాట్లాడే చోట మాత్రం కూచోబెట్టరు. ఆడపిల్లకి ఆ గడువూ లేదు. ఒకటి రెండు ప్రయత్నాలు, ఆపైన మూడు ముళ్లు. చంకలో పిల్లని పెట్టుకుని హాల్ టికెట్ ప్రింటుకొచ్చే అమ్మాయిలు నా షాపుకి కొత్త కాదు. ఎందుకో గానీ బాధ్యత పాఠాలు వాళ్లకెవరూ చెప్పరు.

'ప్రిపేరవుతున్నా' అనే మాట చాటున దాక్కునేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. నేనే రెండేళ్లు దాక్కున్నాను. పొద్దున్నే పుస్తకం పట్టుకుని లైబ్రరీకి పోతే ఇంట్లో ఏ పనీ చెప్పరు, ఏ ప్రశ్నా అడగరు. ఆ హాయి వేరు. 2018 డీఎస్సీలో మార్కున్నరలో పోయాక నాకే సిగ్గేసి ఈ షాపు పెట్టాను.

ఇప్పుడు అద్దె కడుతున్నాను, ఒక కుర్రాడికి జీతమిస్తున్నాను, అమ్మ మందులు కొంటున్నాను. అయినా చుట్టాలొస్తే మా అమ్మ, "మావోడు ప్రస్తుతానికి షాపు చూసుకుంటన్నాడు" అంటాది.